క్లోమపు వాపు గల రోగి యొద్ద మెలకువగా నుండుట

పాఠ భాగములు: యోహాను 9:1–7, లూకా 10:30–35



పుట్టు గ్రుడ్డివానిని చూచినప్పుడు శిష్యులకు మొదట కలిగిన సందేహము, ఇందుకు ఎవరి పాపము కారణమని. ప్రభువు ఆ ప్రశ్నను ప్రక్కకు పెట్టి, వెలుగుండగానే చేయవలసిన పనివైపు వారిని త్రిప్పెను. మన పల్లెలలో ఒక వ్యాధి పేరు వినబడగానే ఈనాటికిని ఆ పాత ప్రశ్నయే లేచుచున్నది. అది క్లోమపు వాపు. ఆసుపత్రులలో దీనిని పాంక్రియాటైటిస్ అందురు. ఆ పేరు చెవిని పడగానే "త్రాగుబోతుల జబ్బు గదా" అని పెదవి విరుతుము. ఆ మాట రోగి మనస్సును నొప్పించుటయే గాక అతని ప్రాణమునకే ముప్పు తేగలదు. ఎట్లనగా ఈ పాఠములో చూతము.

మన ప్రాంతమునకు రోగుల పరిచర్య క్రొత్తది కాదు. 1890వ దశకములో లండన్ మిషను వైద్యుడైన డాక్టరు క్యాంబెల్ గారు జమ్మలమడుగులో మొదలుపెట్టిన పని ఆయన పేరిటి ఆసుపత్రిగా నిలిచెను. వేలూరులో ఐడా స్కడర్ అమ్మగారు 1909లో నర్సుల పాఠశాల ప్రారంభించిరి. మన కుటుంబములలోని ఆడపిల్లలు, మగపిల్లలు కూడ ఈ పని నేర్చుకొనుచున్నారు. కావున నర్సమ్మ రోగి మంచము ప్రక్కన ఏమి చూచుచున్నదో, ఎందుకు మాటిమాటికి వచ్చి వ్రాసికొని పోవుచున్నదో ఇంటివారు కూడ తెలిసికొనుట మంచిది.

ముగ్గురు రోగులు

పాఠము మనస్సునకు పట్టుటకై ముగ్గురు రోగులను ఊహించుకొందము. వీరు ఫలానావారు కారు. ఇట్టివారు ఏ ఊరనైనను ఉందురు.

మొదటివాడు ప్రొద్దుటూరిలో బట్టల అంగడి గుమాస్తా, నలుబది అయిదేండ్లవాడు. సంఘపు చందా లెక్కలు అతడే వ్రాయును. రాత్రివేళ ఎవరికిని తెలియకుండ త్రాగును. భార్యకు మాత్రము తెలియును. రెండవ రోగి జమ్మలమడుగు ప్రక్క పల్లెలో నల్లరేగడి చేలలో కూలికి పోవు ముగ్గురు బిడ్డల తల్లి. ఆమె సారా వాసనయైనను ఎరుగదు. మూడవవాడు పులివెందుల అరటి తోటలలో పనిచేయు ఇరువదియేండ్ల పిల్లవాడు. చిన్ననాటి నుండి అతనికి అప్పుడప్పుడు కడుపునొప్పి వచ్చి పోవుచుండెను. ఎంత సంగటి తిన్నను బక్కగానే యున్నాడు. త్రాగుడు లేదు.

ముగ్గురికిని ఒకే విధముగా నొప్పి వచ్చెను. పైకడుపులో పట్టి, వీపులోనికి దూసికొని పోయెను. వెల్లకిల పండుకొంటే ఎక్కువై, ముందుకు వంగి కూర్చుంటే కొంచెము తగ్గెను. ఆగని వాంతులు. ఇంటివారు గ్యాసని సోడా త్రాగించిరి, ఎండదెబ్బయని మజ్జిగ పోసిరి, దిష్టియని ఉప్పు తీసిరి. ఇట్లు ఒక పూట గడిచిపోయెను.

మొదట నేర్చుకొనవలసినది ఇదే. పైకడుపులో పట్టిన గట్టి నొప్పి గంటల తరబడి విడువనిచో, వాంతులు తోడైనచో, ఇంటి వైద్యముతో కాలము జరుపరాదు. గుండెపోటు కూడ ఒక్కొకప్పుడు ఇట్లే పైకడుపు నొప్పిగా కనబడును. రెంటిలో ఏదైనను ఆసుపత్రిలోనే తేలవలెను. మన రాష్ట్రములో 2005లో మొదలైన 108 అంబులెన్సు ఇందుకే యున్నది.

క్లోమము అననేమి?

క్లోమము జీర్ణాశయము వెనుక, వెన్నెముకకు ముందు అడ్డముగా పడుకొని యున్న గ్రంథి. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, అనగా ఆరంగుళములు. దీనికి రెండు పనులు. ఒకటి, తిన్న అన్నమును, పప్పును, నూనెను అరిగించు రసమును చిన్నప్రేవులోనికి పంపుట. రెండవది, రక్తములోని చక్కెరను అదుపుచేయు ఇన్సులిన్‌ను తయారుచేయుట. కెనడా దేశపు టొరంటో నగరములో 1921లో బాంటింగ్, బెస్ట్ అనువారు కుక్కల క్లోమము నుండియే ఇన్సులిన్‌ను వేరుచేసిరి.

పొయ్యిలో మండవలసిన నిప్పు చూరునకు అంటుకొనిన ఎట్లుండునో, ఈ వ్యాధి అట్లుండును. ప్రేవులోనికి పోయి అన్నమును అరిగింపవలసిన రసము గ్రంథిలోనే పనిచేయ మొదలుపెట్టి, గ్రంథినే కాల్చును. దాని వేడి చుట్టునున్న కొవ్వునకు, రక్తనాళములకు, కొందరిలో ఊపిరితిత్తులకు, మూత్రపిండములకు కూడ తగులును. అందువలననే వీపులో నొప్పి, అందువలననే ఆయాసము, అందువలననే మూత్రము తగ్గుట.

ఈ నిప్పు ఎందుకు అంటుకొనును? ముఖ్య కారణములు రెండు: పిత్తాశయపు రాళ్లు, సారాయి. పిత్తాశయములోని చిన్న రాయి జారివచ్చి, పైత్యరసమును క్లోమరసమును కలిసి ప్రేవులో పడు ద్వారము వద్ద అడ్డుపడును. జమ్మలమడుగు తల్లికి జరిగినది ఇదే. రక్తములో ట్రైగ్లిసరైడ్ అను కొవ్వు మిక్కిలి పెరుగుట, కొన్ని మందులు, కడుపునకు తగిలిన దెబ్బ, వంశమున వచ్చిన లోపము కూడ కారణములు కాగలవు. పులివెందుల పిల్లవానికి కలిగినది మరియొక విధము. త్రాగుడు లేకయే చిన్న వయస్సులో మొదలై, క్లోమపు నాళములో రాళ్లు కట్టి, తరువాత చక్కెర వ్యాధిని తెచ్చు దీర్ఘకాలపు వాపు దక్షిణ భారత దేశములో చాలకాలముగా వైద్యులు చూచుచున్నదే.

చూచితిరా? ముగ్గురిలో ఒక్కనికి మాత్రమే త్రాగుడు కారణము. పెదవి విరుపు మాత్రము ముగ్గురికిని తగిలినది.

నర్సు చేయు అయిదు పనులు

ఈ వాపును నేరుగా ఆర్పివేయు మందు లేదు. శరీరము తానే కోలుకొనువరకు దానిని నిలబెట్టుటయే వైద్యము. పదిమంది రోగులలో సుమారు ఎనిమిదిమంది కొలది దినములలో తేరుకొందురు. మిగిలినవారు కష్టస్థితిలో పడవచ్చును. ఎవరు ఏ త్రోవలో పోవుదురో మొదటి గంటలలో చెప్పుట కష్టము. కనుకనే కనిపెట్టి చూచుట ఇంత ముఖ్యము. ఆ పనిని అయిదు మాటలలో జ్ఞాపకముంచుకొందము: అడుగుట, చూచుట, తాకుట, లెక్కించుట, వ్రాయుట.

అడుగుట: నొప్పి ఎప్పుడు మొదలాయెను, ఎచ్చటికి ప్రాకుచున్నది, సున్న నుండి పది వరకు లెక్కలో ఎంత యున్నది? ఇంతకుముందు రాళ్లున్నవని ఎవరైన చెప్పిరా? ఏ మందులు, ఏ పసరులు వాడుచున్నారు? చక్కెర వ్యాధి యున్నదా? మరియు, త్రాగుదురా? ఎంత? చివరిసారి ఎప్పుడు?

ఈ చివరి ప్రశ్న తీర్పు తీర్చుటకు కాదు. దినదినము త్రాగువాడు హఠాత్తుగా మానినచో, 6 మొదలు 24 గంటలలో చేతుల వణుకు, చెమట, కలవరము మొదలగును. రెండు మూడు దినములకు లేనివి కనబడుట, మతి తప్పుట, మూర్ఛ కూడ కలుగవచ్చును. ముందుగా తెలిసినచో వైద్యులు తగిన మందును, బి1 విటమినును ఇచ్చి కాపాడుదురు. మన గుమాస్తా భార్య బంధువుల యెదుట "ఆయన ముట్టరండి" అనెను. రెండవ రాత్రి అతడు వణకుచు సెలైను గొట్టము పెరికివేసి, గోడమీద పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేసెను. నొప్పివలననా, జ్వరమువలననా, ఊపిరి చాలకనా అని వైద్యులు వెదకుచుండగా విలువైన గంటలు పోయెను. తరువాత నర్సమ్మ ఆమెను వరండాలోనికి తీసికొనిపోయి, "అమ్మా, ఇది నాకు, డాక్టరుగారికి తప్ప ఇంకెవరికిని తెలియదు, ఆయన ప్రాణము కొరకు అడుగుచున్నాను" అనగా ఆమె ఏడ్చి నిజము చెప్పెను. మంచి నర్సు ఈ ప్రశ్నను పదిమందిలో అడుగదు. ముఖము చిట్లించి అడుగదు.

చూచుట: రోగి ఎట్లు పండుకొనియున్నాడు? కన్నులు పచ్చబడెనా? పచ్చబడినచో పైత్యనాళములో అడ్డు ఉండవచ్చును. నాలుక ఎండెనా? కడుపు ఉబ్బుచున్నదా? ఊపిరి తేలికగా నున్నదా, ప్రక్కటెముకలు ఎగురుచున్నవా? పిలిచిన సరిగా పలుకుచున్నాడా? బొడ్డుచుట్టు గాని నడుము ప్రక్కల గాని కమిలినట్లు నీలిమచ్చ కనబడినచో లోపల రక్తము చిందినదని భయపడవలెను. అది అరుదుగా, సాధారణముగా ఒకటి రెండు దినముల తరువాత కనబడును.

తాకుట: చేతులు కాళ్లు చల్లబడెనా? కడుపును ముందు స్టెతస్కోపుతో విని, తరువాతనే మెల్లగా తాకవలెను. నొప్పిగల చోటును చివరకు తాకవలెను. కడుపు బల్లవలె గట్టిపడినచో ఆలస్యము చేయక డాక్టరును పిలువవలెను. పెదవుల చుట్టు తిమ్మిరి, వ్రేళ్లు కొంకరలు పోవుట కనబడినచో రక్తములో కాల్షియము తగ్గియుండవచ్చును.

లెక్కించుట: నాడి, రక్తపు పోటు, ఊపిరి, జ్వరము, ప్రాణవాయువు, రక్తములోని చక్కెర, లోనికి పోయిన ద్రవము, బయటికి వచ్చిన మూత్రము. నాడి నిమిషమునకు 90 దాటుట, ఊపిరి 20 దాటుట, జ్వరము 38 డిగ్రీల సెల్సియస్ దాటుట లేక 36కు దిగుట, తెల్లకణములు 12,000 దాటుట లేక 4,000కు దిగుట — ఈ నాలుగింటిలో రెండు గాని అంతకు మించి గాని 48 గంటలు గడిచినను విడువకయున్నచో కష్టస్థితి వచ్చునేమోయని జాగ్రత్తపడవలెను. మూత్రము గంటకు, రోగి బరువులో ప్రతి కిలోకు అర మిల్లీలీటరుకు తగ్గరాదు. అరువది కిలోల మనిషికి అది గంటకు 30 మిల్లీలీటర్లు, రమారమి రెండు పెద్ద చెంచాలు. మూత్రపు సంచిని నర్సు మాటిమాటికి వంగి చూచుట ఇందుకే. ఇంటివారు దానిని ఆమెతో చెప్పక పారబోయరాదు.

వ్రాయుట: ఒక్క లెక్క ఒక్కటిగా ఏమియు చెప్పదు. ఆరు గంటలకు నాడి 92, ఎనిమిదికి 104, పదికి 118 అని వరుసగా వ్రాసినప్పుడే రోగి ఏ దిక్కునకు పోవుచున్నాడో తెలియును. రాత్రి నర్సు వ్రాసినది పగటి నర్సునకు కన్నులగును.

పరీక్షలను గూర్చి ఒక మాట

ఈ వ్యాధిని నిర్ణయించుటకు 2012లో సవరించిన అట్లాంటా నియమములను లోకమంతట వాడుచున్నారు. తగిన నొప్పి, రక్తములో లైపేజు గాని అమైలేజు గాని సాధారణపు హద్దునకు మూడురెట్లు గాని అంతకు మించి గాని ఉండుట, స్కానింగులో వాపు గురుతులు — ఈ మూడింటిలో రెండున్న చాలును. ఇంటివారు లైపేజు అంకెను చూచి, "నిన్న వెయ్యి, నేడు అయిదువందలు, గండము గడిచెను" అని సంతోషింతురు. అట్లు కాదు. ఆ అంకె వ్యాధి యున్నదని చెప్పును గాని ఎంత తీవ్రమో చెప్పదు. తీవ్రతను చెప్పునది ఊపిరి, మూత్రము, నాడి, తెలివి. ఈ నాలుగును మంచము ప్రక్కన కనిపెట్టువారికే ముందుగా కనబడును.

పరిచర్య

మొదటిది, ద్రవము. నరము ద్వారా సెలైను ఎక్కించుట తొలి దినమున ముఖ్యము. పూర్వము ఎంత వేగముగా పోసిన అంత మేలనుకొనిరి. భారత దేశము, స్పెయిన్, ఇటలీ, మెక్సికో దేశములలోని ఆసుపత్రులు కలిసి 249 మంది రోగులపై చేసి 2022లో ప్రకటించిన పరిశోధనలో, వేగముగా పోసిన గుంపులో నూటికి 20.5 మందికి ద్రవము ఎక్కువై ఇబ్బంది కలిగెను. మితముగా పోసిన గుంపులో నూటికి 6.3 మందికి మాత్రమే కలిగెను. వేగము వలన మేలు కనబడలేదు. కాబట్టి "సీసా ఇంత మెల్లగా పోవుచున్నదేమి?" అని ఇంటివారు చక్రము త్రిప్పరాదు. ద్రవము ఎక్కువైనచో ఆయాసము, దగ్గు, కాళ్లవాపు వచ్చును. అప్పుడు నర్సు వెంటనే తెలుపవలెను.

రెండవది, నొప్పి. ఇది ఓర్చుకొమ్మని చెప్పదగిన నొప్పి కాదు. నొప్పిచే గట్టిగా ఊపిరి తీయలేనివానికి ఊపిరితిత్తులు మూసికొనును. గట్టి మందు ఇచ్చిన తరువాత నర్సు మరల వచ్చి నొప్పి ఎంత తగ్గెనో అడిగి, మత్తు ఎక్కువై ఊపిరి తగ్గెనేమో చూడవలెను. దిండ్లు అమర్చి కూర్చుండబెట్టుట, మోకాళ్లు ముడిచి ప్రక్కకు పండబెట్టుట, నోరు తడిగుడ్డతో శుభ్రము చేయుట, గంటకొకసారి దీర్ఘముగా ఊపిరి పీల్పించుట, ఓపిక రాగానే లేపి నాలుగడుగులు నడిపించుట — ఇవి చిన్న పనులు కావు.

మూడవది, ఆహారము. మునుపు ఈ రోగులను అనేక దినములు పస్తుంచెడివారు. ఇప్పుడు వ్యాధి తేలికగా నుండి, వాంతులు తగ్గి, ఆకలి వేసినచో, ఒకటి రెండు దినములలోనే నూనె నెయ్యి లేని మెత్తని ఆహారము మొదలుపెట్టుచున్నారు. రాగిజావ, మెత్తని అన్నము, ఇడ్లీ వంటివి చాలును. తినలేని తీవ్ర రోగికి ముక్కు గొట్టము ద్వారా ప్రేవునకు ఆహారము పంపుట నరము ద్వారా పంపుటకంటె మేలు. అయితే ఎప్పుడు, ఏమి అనునది వైద్యులు చెప్పవలెను. ప్రేమ కొలది దుప్పటి చాటున సోడాయో కొబ్బరినీళ్లో పోసినచో, అది వాంతియై ఊపిరితిత్తులలోనికి పోగలదు.

సూక్ష్మజీవులను చంపు మందులు అందరికిని అక్కరలేదు. చీము పట్టెనని అనుమానము కలిగినప్పుడే వాడుదురు. "పెద్ద యాంటీబయాటిక్ ఇవ్వలేదు" అని ఆసుపత్రివారిని నిందింపరాదు.

ఇంటికి వచ్చిన తరువాత

జమ్మలమడుగు తల్లికి నొప్పి తగ్గగానే ఇంటికి పోవలెనని ఆత్రము; పత్తి ఏరు కాలము, బిడ్డలు ఒంటరి. కాని రాళ్లున్న పిత్తాశయమును తీసివేయనిచో వ్యాధి తిరిగి రావచ్చును. తేలిక వ్యాధిలో ఆసుపత్రి విడువకముందే ఆ ఆపరేషను చేయించుకొనుట మేలని నెదర్లాండ్స్ దేశపు వైద్యులు 2015లో ప్రకటించిన పరిశోధనలో తేలెను. ఆ పది దినములు ఆమె బిడ్డలకు కూడు పెట్టువారెవరు? ఇది వైద్యుని ప్రశ్న కాదు, సంఘపు ప్రశ్న.

పులివెందుల పిల్లవాని మలము జిడ్డుగా నీటిపై తేలుచుండినచో, బరువు తగ్గుచుండినచో, అన్నముతో పాటు క్లోమరసపు మాత్రలు వాడవలసి యుండును. చక్కెర పరీక్ష విడువరాదు. పొగచుట్ట కూడ క్లోమమునకు శత్రువే.

గుమాస్తాకు త్రాగుడు పూర్తిగా మానుటయే వైద్యము. కొంచెము తగ్గించుట చాలదు. కాని సిగ్గుపరచి ఎవరిని మాన్పగలము? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి అంగళ్లపై లేచి నిలిచినప్పుడు వారు పోరాడినది సారాయితో. తమ ఇంటి మగవారిని చంపుటకు కాదు, బ్రదికించుకొనుటకు. 1993లో రాష్ట్రమందు సారా నిషేధింపబడెను. త్రాగుడును ద్వేషించి త్రాగువానిని చేరదీయుట మన తెలుగు స్త్రీలు నేర్పిన పాఠమే.

మనకు బోధ

సమరయుడు దారిలో పడియున్నవానిని, దొంగలున్న త్రోవలో ఒంటరిగా ఎందుకు పోతివని అడుగలేదు. గాయములు చూచెను, కట్టెను, వాహనముపై ఎక్కించెను, ఆ రాత్రి దగ్గరనుండి చూచుకొనెను. మరునాడు పోవునప్పుడు కూడ సత్రపువానికి సొమ్మిచ్చి, మిగిలిన ఖర్చుకు తానే పూటపడెను. చూచుట, కట్టుట, మోయుట, కాచుట, వెనుకటి భారము మోయుట: మంచి నర్సు చేయునది ఇదే క్రమము. సంఘము చేయవలసినదియు ఇదే.

గుమాస్తా భార్య ఎందుకు అబద్ధమాడెను? నర్సుకు భయపడి కాదు. మంచము చుట్టు నిలిచిన మనకు భయపడి. నిజము తెలిసిన ఆదివారము ఏమందుమోయని ఆమె భయపడెను. మన నాలుక అతని రోగపరీక్షకు అడ్డుపడెను. కావున రోగిని చూడబోవునప్పుడు కారణమడుగకుందము. పదిమంది ఒక్కసారి మంచము చుట్టు మూగకుందము. చిన్న ప్రార్థన చేసి, ఇంటివారిలో రాత్రి మేలుకొని యున్నవారిని కాసేపు పండుకొననిచ్చి, వారి స్థానమున కూర్చుందము. ఊపిరి మారినచో, మాట తడబడినచో, మూత్రము తగ్గినచో నర్సమ్మను పిలుతము.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. పైకడుపు నొప్పి విడువకయున్నప్పుడు మన ఇండ్లలో మొదట ఏమి చేయుచున్నాము? ఏమి చేయవలెను?

2. నర్సు త్రాగుడును గూర్చి అడుగునప్పుడు నిజము చెప్పుట ఎందుకు అవసరము?

3. లైపేజు అంకెకంటె ఊపిరి, మూత్రము, నాడి, తెలివి ఎందుకు ముఖ్యము?

4. తల్లి ఆసుపత్రిలో నున్నప్పుడు ఆమె బిడ్డలకు భోజనము పెట్టుటకు మన సంఘములో ఈ నెల ఎవరు పూనుకొందురు? పేర్లు వ్రాసి ఉంచుడి.